పదకొండు దారాలు

తనిఖీ మేస్త్రి చూపుడువేలి కొసన ఉన్నది రక్తం కాదని గడియారమ్మకు ఆసుపత్రిలోనే తెలిసిపోయింది.

"పొద్దుటి నుంచి మూడుసార్లు తడిగుడ్డతో తుడిచానండి. పోవడం లేదు," అంది నర్సు. "రక్తమైతే ఇంత మొండిగా ఉండదు."

"స్పిరిట్‌తో తుడిచి చూడమ్మా."

స్పిరిట్ తగలగానే ఎరుపు కరిగి దూదికి ఎక్కింది. గడియారమ్మ ఆ దూదిని ముక్కు దగ్గర పెట్టుకుంది. రంగు వాసన. మిషన్ల మీద గీతలు గీసే రంగు. దూదిని కాగితంలో చుట్టి సంచిలో వేసుకుంది.

మేస్త్రి కళ్ళు తెరవలేదు. తల వెనక ఎనిమిది కుట్లు. పొద్దున ఆరూ నలభైకి షెడ్డులో ప్రమాదం గంట మోగితే కాపలావాళ్ళు పరుగెత్తారు. కొత్త హెలికాప్టర్ తోక దగ్గర, నిచ్చెన కింద వెల్లకిలా పడి ఉన్నాడు. గంట మీట నిచ్చెనకి ముప్పై అడుగుల దూరంలో గోడకి ఉంది. పడ్డవాడు లేచి వెళ్ళి గంట కొట్టి, తిరిగొచ్చి అదే చోట పడుకోడు. కొట్టినవాళ్ళు ఎవరో ఇంతవరకూ చెప్పలేదు.

గడియారమ్మ అసలు పేరు ఆఫీసులో ఎవరూ వాడరు. ఎవరిని ఏమడగాలన్నా ఆమె నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఎన్ని గంటలకి?" అనే. ప్రమాదాల విచారణ శాఖలో ముప్పై ఏళ్ళు కూలిన విమానాల ముక్కలు ఏరి, అవి ఏ నిమిషంలో ఎందుకు విరిగాయో చెప్పిన మనిషి. ఇప్పుడామె చేతి గడియారంలో ఒంటిగంట పది. ఆ హెలికాప్టర్ నాలుగింటికి ఎగరాలి. దాని తోకలో ఎవరైనా చెయ్యి పెట్టి ఉంటే ఆ సంగతి నాలుగింటిలోపే తేలాలి. తేలకపోతే రేపు ఆమెకి ఏరడానికి ముక్కలు ఉంటాయి.

*

షెడ్డు గుమ్మంలోనే భద్రతాధికారి ఎదురయ్యాడు.

"రా అక్కా. ఆసుపత్రికి వెళ్ళావట. నిన్ను చూసి మేస్త్రి లేచి కూర్చున్నాడా?"

"లేచాక నీకే ముందు చెప్తాడులే, ఆఫీసరు గారివి గదా."

అతను నవ్వాడు. తొమ్మిదేళ్ళ కిందట విరిగిన బోల్టుకీ విరగ్గొట్టిన బోల్టుకీ తేడా తెలియక, ఆమె పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని నేర్చుకున్నవాడు. పోయిన ఏడాది ఈ భద్రతా విభాగం పెద్ద కుర్చీ ఖాళీ అయితే అది గడియారమ్మకే వస్తుందని అందరూ అన్నారు. ఆమె కూడా నమ్మింది. నడుం నొప్పి కాబట్టి ఆ కుర్చీలో వేసుకోవడానికి దిండు కూడా కుట్టి పెట్టుకుంది. కుర్చీ ఇతనికి వెళ్ళింది. ఆ దిండు మీద ఇప్పుడు ఇంట్లో పిల్లి పడుకుంటోంది. పిల్లిని చూసినప్పుడల్లా ఆమెకి ఇతనే గుర్తొస్తాడు.

"ఎన్ని గంటలకి వచ్చాడు మేస్త్రి?"

"గేటు దాటింది ఆరూ పది. గంట మోగింది ఆరూ నలభై." అతను జేబులోంచి చిన్న పుస్తకం తీసి చూపించాడు. అంకెల కింద గీతలు. టైము రాస్తే కింద గీత గీయమని నేర్పింది ఆమే. ఇప్పుడా గీతలు కూడా అతనివే అయిపోయాయి. "ఎగిరే రోజు పొద్దున్నే ఒంటరిగా వచ్చి మిషన్ చుట్టూ ఒక చుట్టు తిరగడం ఆయనకి అలవాటు. నిచ్చెన మెట్టు మీద నూనె ఉంది. కాలు జారింది. అంతే అక్కా. దీన్ని పట్టుకుని నువ్వు నవల అల్లకు."

"గంట ఎవరు కొట్టారు?"

"ఊడ్చేవాళ్ళెవరో అయ్యుంటారు. భయపడి చెప్పడం లేదు."

"ఆయన వేలి మీద ఎరుపు చూశావా?"

"తల పగిలితే ఎరుపు రాక పసుపొస్తుందా?"

దూది ఆమె సంచిలోనే ఉంది. తీసి ముక్కు దగ్గర పెడితే చాలు. ఆమె చెయ్యి సంచి మీదికి వెళ్ళింది, కానీ సంచి తెరవలేదు. అంతా తనకే తెలుసనుకునేవాడికి ఎందుకు చెప్పాలి అనిపించింది.

"బయట కుర్చీల్లో సైన్యం పెద్దలు పదిహేను మంది కూర్చున్నారు," అన్నాడతను గొంతు తగ్గించి. "మామూలు హెలికాప్టర్ గంటకి మూడొందల కిలోమీటర్లు దాటితే ఆయాసపడుతుంది. ఇది నాలుగొందల యాభై పోతుందని మాట ఇచ్చి పిలిపించాం. మేస్త్రి జారిపడ్డాడని చెప్పి ఇంటికి పంపమంటావా?"

"మేస్త్రి ఎక్కాల్సిన రెండో కుర్చీలో ఎవరు ఎక్కుతున్నారు?"

"ఇసుక బస్తా. బరువు సరిపోతే చాలు. పైగా బస్తా నీలాగ ప్రశ్నలు వెయ్యదు."

*

హెలికాప్టర్ ఒంటినిండా వెంట్రుకలు మొలిచినట్టు ఉంది. తెల్లటి దారాలు, ఒక్కోటి నాలుగు వేళ్ళ పొడవు, ముక్కు నుంచి తోక దాకా వరసలు వరసలుగా. నెత్తిమీద రెండు జతల రెక్కలు, ఒకదాని పైన ఒకటి. తోక చివర వెనక్కి గాలి నెట్టే పెద్ద పంకా. దారాలు అంటించేది ఒకే ఒక్క మనిషి. అందుకే ఆమెని దారాలమ్మ అంటారు.

"ఈ మిషన్‌కి తల దువ్వేది నేనే మేడమ్," అంది దారాలమ్మ. పొద్దుటి నుంచి షెడ్డులోకి రానివ్వకపోవడంతో ఆమె మొహం మాడిపోయి ఉంది. "ఎగిరేటప్పుడు పక్కన ఇంకో విమానం పోతూ ఫోటోలు తీస్తుంది. గాలి ఎటు పోతే దారం అటు తిరుగుతుంది. ఫోటో చూసి ఇంజినీర్లు పోట్లాడుకుంటారు."

"నిన్న ఎన్ని గంటలకి పూర్తి చేశావు?"

"ఐదున్నరకి. ఐదూ నలభైకి మేస్త్రి వచ్చి ఒక్కో దారం చూసుకుని సంతకం పెట్టాడు."

"ఇప్పుడు నువ్వొకసారి చూడు. ఏదీ ముట్టుకోకు."

దారాలమ్మ చేతులు వెనక్కి కట్టుకుని, అద్దంలో మొహం చూసుకున్నట్టు ఆ మిషన్ పక్కనే నడిచింది. తోక దగ్గర ఎడమవైపు ఆగింది. అక్కడ పళ్ళెమంత మూత ఒకటి, ఆరు మరలతో బిగించి ఉంది.

"ఇవి నావి కావు," అంది.

"దారాలు నీవే గదా?"

"దారాలు నావే. చెయ్యి నాది కాదు." ఆమె మూత చుట్టూ గాల్లోనే వేలు తిప్పుతూ లెక్కపెట్టింది. "పదకొండు. ఇవన్నీ తిన్నగా వెనక్కి పడుకున్నాయి. నేను ఏటవాలుగా, పైకి చూసేలా అంటించాను. పోయినసారి ఫోటోల్లో ఈ చోట గాలి తిన్నగా పోకుండా పైకి ఎగదన్నుతోందని తేలింది. అందుకని తోకమ్మ కొత్త కాగితం గీసి ఇచ్చింది. ఆరు రోజులైంది. ఈ పదకొండూ పాత కాగితం ప్రకారం ఉన్నాయి."

తోకమ్మ అంటే తోక ఇంజినీరు. ఈ పంకా, దాన్ని తిప్పే క్లచ్, ఈ తోకంతా ఆ అమ్మాయి చేసిందే. పనివాళ్ళు ముద్దుగా అలా పిలుస్తారు. ఆ అమ్మాయి కూడా పలుకుతుంది.

గడియారమ్మ నిచ్చెన రెండు మెట్లు ఎక్కింది. మర కదిలితే తెలిసేలా ప్రతి మర తల మీదుగా పక్కనున్న రేకు మీదికి ఒక సన్నని ఎర్ర గీత గీస్తారు. ఆరు మరల మీదా గీతలు తెగకుండా ఉన్నాయి. ఆమె చూపుడువేలితో ఒక గీతని మెల్లగా తాకింది. వేలు ఎర్రబడింది.

పొద్దున మేస్త్రి కూడా ఇలాగే తాకాడు. పచ్చిగా ఉందని అప్పుడే అతనికి అర్థమైంది.

"ఈ రంగు ఆరడానికి ఎంతసేపు పడుతుంది?"

"పూర్తిగా ఆరాలంటే ఒక రోజు."

మూత విప్పాలంటే దారాలు అడ్డం. దారాలు పీకి, మూత విప్పి, లోపల చెయ్యాల్సింది చేసి, మూత బిగించి, గీత మళ్ళీ గీసి, పీకిన దారాలనే మళ్ళీ అంటించారు. పని తెలిసిన చెయ్యి. కానీ ఆరు రోజుల కిందటి కాగితం చూడని చెయ్యి.

"ఆ కొత్త కాగితం ఎవరెవరికి వెళ్ళింది?"

"నలుగురికి. నాకు, మేస్త్రికి, భద్రతాధికారి గారికి, ఈ నెత్తిమీద రెక్కలు చేసే పెద్దాయనకి. ఆఖరిది నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. బల్ల మీద పెట్టి పొమ్మన్నారు." దారాలమ్మ మాట తడబడింది. "మేడమ్, ఇంకోటి. అంటించిన కొస మీద గోటితో నొక్కిన గుర్తు చూడండి. నెలవంకలాగ. నేనూ అలాగే నొక్కుతాను. ఊడిపోకుండా ఉంటుంది. నాకు అలా నేర్పారు."

"ఎవరు?"

"ఆయనే. రెక్కల పెద్దాయన. నేను పనిలో చేరినప్పుడు ఈ పనికి మనిషి లేక ఆయనే దారాలు అంటించుకునేవారు."

గడియారం ఒకటీ యాభై రెండు చూపిస్తోంది.

"ఈ మాట ఇంకెవరితోనూ అనకు," అంది గడియారమ్మ. నిచ్చెన దిగి వెనక్కి తిరిగేసరికి భద్రతాధికారి వస్తున్నాడు.

"ఏమైనా దొరికిందా అక్కా? ఉంటే ఇప్పుడే చెప్పు. నేను బయటికి వెళ్ళి సంతకం పెట్టాలి. ఆ తర్వాత ఏం జరిగినా నా మెడకే."

మూత విప్పించాలంటే అతని సంతకం కావాలి. చెప్పగానే అతను మనుషుల్ని పిలుస్తాడు. వాళ్ళు మూత విప్పుతారు, అతను లోపలికి తొంగిచూస్తాడు, బయట కూర్చున్న పదిహేను మందికీ తనే కనిపెట్టానని చెప్తాడు. అలా కాక, చేసిన మనిషితో సహా మొత్తం సంగతి మూడింటికి తనే వాళ్ళ ముందు పెడితే? ఆ కుర్చీ ఎవరికి ఇవ్వాల్సిందో వాళ్ళకే తెలిసొస్తుంది. నాలుగింటికి ఇంకా రెండు గంటలకి పైనే ఉంది. కావలసినంత టైము.

ఆమె ఎర్రబడిన వేలిని చేతిరుమాల్లో దాచుకుంది.

"ఏమీ లేదు," అంది.

*

రెక్కల గది ఆవరణకి అవతలి చివర ఉంది. గడియారమ్మ చేరేసరికి రెండూ ఐదు. గదిలో పెద్దాయన ఒక్కడే ఉన్నాడు. మనిషంత పొడవున్న రెక్కని తూకం మిషన్ మీద పెట్టి, పసిబిడ్డని పడుకోబెట్టినట్టు రెండు చేతులూ మెల్లగా తీస్తున్నాడు.

"ఊపిరి బిగబట్టండి," అన్నాడు తల తిప్పకుండానే. "మీ ఊపిరికి కూడా ముల్లు కదులుతుంది."

ఆమె బిగబట్టింది. ఆయన అంకె చూసి పుస్తకంలో రాశాడు. అప్పుడు కుర్చీ చూపించాడు.

"ఇవాళ ఎన్ని గంటలకి వచ్చారు?"

"ఏడింటికి. మేస్త్రి సంగతి వచ్చాకే తెలిసింది. పాపం."

"ఏడింటికి వచ్చి ఏం చేశారు?"

"రెక్కలు తూచాను. ఇంకేం చేస్తాను? ముప్పై నాలుగేళ్ళుగా చేస్తున్నదదే."

ఆమె తూకం పుస్తకం తన వైపు తిప్పుకుంది. మొదటి తూకం ఏడూ ఐదుకి. తర్వాత తల ఎత్తి గోడ మీద అంటించిన కాగితం చదివింది. పెద్ద అక్షరాలు, పుస్తకంలో ఉన్న చేతిరాతే. తూకం మిషన్ ఆన్ చేసిన గంటకి గానీ ఏదీ తూచరాదు.

"ఇది మీరు రాసిందే గదా?"

"నేనే రాశాను. వేడెక్కకుండా తూచితే అబద్ధం చెప్తుంది."

"మీరు ఎప్పుడైనా గంట ఆగకుండా తూచారా?"

"నా చెయ్యి విరిగినా తూచను," అన్నాడు గభాలున, పరువు పోయినంత పని అయినట్టు. అన్నాక ఆయన చూపు పుస్తకం మీదికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది.

"ఏడూ ఐదుకి తూచాలంటే ఆరూ ఐదుకల్లా ఆన్ చేసి ఉండాలి. వచ్చే దారిలో గేటు పుస్తకం చూశాను, ఆ వేళకి మీ పేరు లేదు. రెక్కల బండి వచ్చే వెనక గేటు తాళం మీ దగ్గరే ఉంటుంది. దొంగపని మీద వచ్చి కూడా ముందు తూకం మిషన్ ఆన్ చేసి వెళ్ళారు, పెద్దాయనా."

బల్ల వెనక గోడకి ఒక పిల్ల గీసిన బొమ్మ అంటించి ఉంది. నీలం రంగు హెలికాప్టర్. తోక పంకా పొద్దుతిరుగుడు పువ్వంత పెద్దది. నెత్తిమీద మాత్రం రెక్కలు రంగుతో లేవు. పెన్సిల్‌తో, స్కేలు పెట్టి, సరైన కొలతలతో ఎవరో తర్వాత గీశారు.

"మనవరాలా?"

"ఆరేళ్ళది. 'తాతా, ఇది అమ్మ హెలికాప్టర్' అని తెచ్చిచ్చింది. రెక్కలేవే అని అడిగాను. మరిచిపోయిందట." ఆయన నవ్వడానికి ప్రయత్నించాడు. "మరిచిపోయిందట అమ్మా. హెలికాప్టర్‌కి రెక్కలు."

"తోక ఇంజినీరు మీ కోడలు."

"నా దగ్గర శిష్యురాలిగా చేరింది. కోడలయ్యింది ఆ తర్వాత. ఈ మిషన్ వేగంగా పోవాలంటే ముందు ఏం చెయ్యాలో తెలుసా మీకు? నా రెక్కల్ని నెమ్మది చెయ్యాలి. మిషన్ వేగానికి రెక్క వేగం కూడా తోడైతే, ముందుకొచ్చే రెక్క కొస ధ్వని వేగానికి దగ్గరపడి వణికిపోతుంది. నిజమే. ఆ లెక్క వేసిచ్చింది కూడా నేనే. కాబట్టి రెక్కలు మెల్లగా తిరుగుతూ ఊరికే మోస్తూ ఉండాలి, తోక వెనక నుంచి తోస్తుంది. వేగమంతా తోకది. పేరంతా తోకది. భోజనాల దగ్గర నా కొడుకు, నా కడుపున పుట్టినవాడు, ఏమన్నాడో తెలుసా? 'మా ఆవిడ తోక లేకపోతే నాన్న రెక్కలు విసనకర్రలు' అన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఆ అమ్మాయి ఒక్కతే నవ్వలేదు. అదింకా మండింది నాకు."

"తోకలో ఏం చేశారు?"

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. "మీ దగ్గర నేర్చుకున్నవాడే గదా ఆ భద్రతాధికారి. వాణ్ణి ఆ కుర్చీలో చూస్తే మీకెలా ఉంటుందమ్మా?"

"నా సంగతి వద్దు. ఏం చేశారు?"

"క్లచ్ పలకలకి గ్రీజు రాశాను." బరువు దించుకున్నవాడిలా ఒక్క ఊపిరిలో చెప్పేశాడు. "అంతే. ప్రమాదమేమీ లేదు. తోక పంకా పట్టు దొరక్క జారుతుంది, వేగం రాదు, హెచ్చరిక దీపం వెలుగుతుంది, పైలట్ క్లచ్ తీసేస్తాడు. నా రెక్కల మీద తిన్నగా ఇంటికి వస్తాడు. పదిహేను మంది పెద్దలూ చూస్తారు, చివరికి మోసుకొచ్చింది రెక్కలేనని. జారితే పలకలు వేడెక్కుతాయి, నిజమే. కానీ పక్కనే చల్లగాలి గొట్టం ఉంది. మూత తీసినప్పుడు చూశాను. రెండు నిమిషాలు జారినా దానికేమీ కాదు, లెక్క వేశాను."

"మేస్త్రి?"

"నేను నిచ్చెన దిగి తోక వెనక నిలబడి ఉన్నాను. ఆయన ఎక్కి గీత తాకి చూసుకున్నాడు. నన్ను చూశాడు. 'మీరా' అన్నాడు. అని ఒక అడుగు వెనక్కి వేశాడు. నిచ్చెన మీద ఉన్నానని మరిచిపోయాడు." పెద్దాయన తూకం పుస్తకం మూసేశాడు. "గంట కొట్టింది నేనే. కొట్టాక అక్కడ నిలబడలేకపోయాను."

ఆమె బల్ల మూలకి చూసింది. చుట్టిన కాగితం ఒకటి, తాడు కట్టినది కట్టినట్టే ఉంది. మీద ఆరు రోజుల కిందటి తేదీ.

"దీని ముడి విప్పలేదా?"

"ఆవిడ కాగితాలు విప్పి నాలుగు నెలలైంది. అందినట్టు సంతకం పెట్టి అలా పడేస్తున్నాను."

"ఇప్పుడు విప్పండి."

ఆయన విప్పి, బల్ల మీద పరిచి, నాలుగు మూలలా తూకం రాళ్ళు పెట్టాడు. మూత ఉన్న చోటికి వేలు వెళ్ళింది. వేలు అక్కణ్ణుంచి కదలలేదు.

"గాలి గొట్టం తీసేసింది," అన్నాడు. "కుడివైపుకి మార్చింది. ఇక్కడ ఉన్నది నూనె గొట్టం. తోకని అటూ ఇటూ తిప్పే నూనె. పైన అదే గుడ్డ చుట్టి ఉంది, అదే లావు. నేను చూసింది నూనె గొట్టం."

"పలకలు వేడెక్కితే?"

"చల్లబరిచేది లేదు. అర నిమిషంలో ఎర్రగా కాలతాయి. గొట్టం పగిలితే నూనె వాటి మీదే పడుతుంది."

గడియారమ్మ టైము చూసుకుంది. రెండూ ముప్పై నాలుగు. నాలుగింటికి ఇంకా చాలా ఉంది అనుకుంటూ లేచింది. అప్పుడే కిటికీ అద్దాలు సన్నగా అదరడం మొదలుపెట్టాయి. తూకం మిషన్ ముల్లు దానంతటదే ఊగింది.

తలుపు తోసుకుని దారాలమ్మ వచ్చింది. పరుగుతో ఆమెకి మాట సరిగ్గా రావడం లేదు.

"మేడమ్, నాలుగింటికి గాలి పెరుగుతుందని రెండున్నరకి మార్చేశారు. మీరు చెప్పొద్దన్నారని నేనేమీ చెప్పలేదు. ఎగిరిపోయింది. ఇసుక బస్తా కూడా దింపించేశారు. నేను చేసిన తోక మీద నేను కూర్చోకపోతే ఇంకెవరు కూర్చుంటారని తోకమ్మే ఎక్కింది."

పెద్దాయన గోడ మీది బొమ్మ వైపు ఒక్కసారి చూశాడు. మరుక్షణం, అరవై దాటిన ఆ మనిషి గడియారమ్మ కంటే ముందు తలుపు దాటాడు.

*

రేడియో గది మెట్లు ఎక్కేసరికి గడియారమ్మకి నడుం పట్టేసింది. భద్రతాధికారి మైకు పక్కన నిలబడి ఉన్నాడు. పైలట్ గొంతు వినిపిస్తోంది. "రెక్కల వేగం తగ్గించాను. తోక క్లచ్ వేస్తున్నాను."

"ఆపు," అంది గడియారమ్మ. "తోక తిప్పొద్దని చెప్పు. ఎడమ మూత విప్పారు."

"ఎవరు?"

"నేను," అంటూ పెద్దాయన అతన్ని తోసుకుని మైకు అందుకున్నాడు. "అమ్మాయ్."

రేడియోలో ఒక క్షణం గరగర. తర్వాత ఒక ఆడగొంతు, ఆశ్చర్యంగా, సంతోషంగా. "మామయ్యా? మీరు రేడియో దగ్గరికి వచ్చారా? నాలుగు నెలల్నుంచి నా మిషన్ వైపే రాలేదు గదా."

"క్లచ్ తీసెయ్యమని చెప్పమ్మా. ఇప్పుడే."

"ఎందుకు? ఇప్పుడేగా వేశాం. వేగం ఇంకా అందుకోలేదు, కొంచెం జారుతున్నట్టుంది."

గదిలో ఆరుగురు ఉన్నారు. గుమ్మంలో సైన్యం పెద్దలు ఇద్దరు నిలబడి ఉన్నారు. పెద్దాయన అందరి వైపూ చూసి కళ్ళు మూసుకున్నాడు.

"పలకలకి గ్రీజు రాశాను. నేనే రాశాను. పక్కన గాలి గొట్టం ఉందనుకున్నాను."

"అది నూనె గొట్టం, మామయ్యా. కాగితం పంపాను గదా."

"ముడి విప్పలేదు."

రేడియో మూగబోయింది. గడియారమ్మ చేతి గడియారం ముల్లు చూస్తూ లెక్కపెట్టింది. ఐదు. ఏడు. తొమ్మిది.

"క్లచ్ తీశాం," అంది ఆడగొంతు. ఇప్పుడు అందులో సంతోషం లేదు, పని మాత్రమే ఉంది. "కాలిన వాసన వస్తోంది. తోక నూనె ఒత్తిడి పడిపోతోంది. తోక మాట వినడం లేదు."

"విననక్కర్లేదు. తోకని వదిలెయ్యండి. రెక్కల వేగం పూర్తిగా పెంచమను. రెండు జతలూ ఎదురెదురు తిరుగుతున్నాయి, కాబట్టి తోక లేకపోయినా మిషన్ గిర్రున తిరగదు. తిన్నగా నిలబడుతుంది. తొందరపడకుండా దించమను."

"మీ రెక్కలు అంత పని చేస్తాయా?"

"నిన్ను మోస్తాయి తల్లీ. దానికి నేను పూచీ."

కిటికీలోంచి అది కనిపించింది. తోక వెనక సన్నని నల్లటి పొగ గీత. పంకా తిరగడం లేదు. నెత్తిమీద రెండు జతల రెక్కలూ గాలిని చీలుస్తూ మిషన్‌ని మైదానం మీదికి తెచ్చాయి. కింద కుర్చీల్లో పెద్దలంతా లేచి నిలబడి రెక్కల వైపే చూస్తున్నారు. పెద్దాయన కోరుకున్నది అక్షరాలా అదే. ఆయన మాత్రం కిటికీకి వీపు పెట్టి, మొహం గోడకి తిప్పుకున్నాడు.

రెండూ నలభై మూడుకి చక్రాలు నేల తాకాయి. నీళ్ళ బండి తోకని తడిపేసింది. రేడియోలో ఆఖరి మాట వినిపించింది. "ఇద్దరం దిగాం. మామయ్యని ఎక్కడికీ తీసుకెళ్ళకండి. ముందు నేను అడగాలి."

పెద్దాయన అక్కడే నేల మీద కూర్చుండిపోయాడు. గది నెమ్మదిగా ఖాళీ అయింది. భద్రతాధికారి మాత్రం కదలలేదు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, కొత్త పేజీ తిప్పి, పెన్ను మూత తీశాడు.

"మూత విప్పారని నీకు ఎన్ని గంటలకి తెలిసింది అక్కా?"

ముప్పై ఏళ్ళలో ఆ ప్రశ్న ఆమెని ఎవరూ అడగలేదు. చేతిరుమాల్లో ఆమె వేలు ఇంకా ఎర్రగానే ఉంది. తూకం మిషన్‌లాగ తను కూడా అబద్ధం చెప్పొచ్చు. దారాలమ్మ ఒక్కతే సాక్షి, ఆమె నోరు మెదపదు. నేల మీద కూర్చున్న పెద్దాయన తల ఎత్తి ఆమె వైపు చూస్తున్నాడు.

"ఒకటీ యాభై రెండు."

"నేను నిన్ను ఎన్ని గంటలకి అడిగాను?"

"ఒకటీ యాభై ఐదు."

అతను రెండూ రాసుకున్నాడు. తర్వాత, ఆమె నేర్పినట్టే, ఒక్కో అంకె కింద ఒక గీత గీశాడు.